ఉపకార వేతనం: ప్రతిభకు కొలత ఎవరిది?

విద్యార్థికి ప్రభుత్వమిచ్చే ధనసహాయానికి మన భాషలో ‘ఉపకార వేతనం’ అనే పేరు స్థిరపడింది. ఈ సమాసంలో రెండు పరస్పర విరుద్ధ భావాలున్నాయి. ఉపకారం దాత దయమీద ఆధారపడేది. వేతనం శ్రమించినవాడి హక్కు. ఈ రెంటినీ ఒకచోట ఇమిడ్చిన పాలనాభాష, తెలిసో తెలియకో, ఒక చారిత్రక సత్యాన్ని బయటపెట్టింది. స్కాలర్‌షిప్పుల చరిత్ర అంతా దయకూ హక్కుకూ మధ్య జరిగిన పెనుగులాటే. ఆ పెనుగులాటలో మధ్యవర్తిగా వచ్చి కూర్చున్న మాట ‘ప్రతిభ’. ఈ మాట ఎప్పుడు ఎవరి చేతిలో ఆయుధమైందో పరిశీలించటమే నా ఉద్దేశం.

పూర్వం విద్యకు ప్రభువుల ఆదరణ లేదనటం సరికాదు. అగ్రహారాలుండేవి, మాన్యాలుండేవి. కాని అవి విద్యకిచ్చినవా, కులానికిచ్చినవా అన్నది ప్రశ్న. 1820లలో మద్రాసు గవర్నరు మన్రో జరిపించిన విద్యా విచారణలో, రాజమండ్రి జిల్లాలో శాస్త్రాలు బోధించే ఉన్నత విద్యాస్థానాల విద్యార్థులు దాదాపుగా బ్రాహ్మణులేనని తేలింది. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వ సహాయం అందటం లేదని సిగ్గుపడుతూ రాశాడు. పాత పోషణ పోయింది, కొత్తది రాలేదు. పోయిన పోషణను తలచుకొని బాధపడేవారు అది ఎవరి పిల్లలను పోషించిందో కూడా గుర్తుంచుకోవాలి.

తర్వాతి దశ సంస్థానాధీశుల దయ. హైదరాబాదులో విద్యావేత్త అఘోరనాథ చట్టోపాధ్యాయ కుమార్తె సరోజిని పన్నెండో ఏటనే మద్రాసు మెట్రిక్యులేషన్‌లో నెగ్గి, 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్ళారు. ఆమె ప్రతిభను ఎవరూ కాదనలేరు. అయితే ఆ ప్రతిభ ప్రభువు కంటపడటానికి తండ్రి స్థానం, ఇంటినిండా ఉన్న పుస్తకాలు, ఇంగ్లీషు మాట కారణాలు కాలేదనీ అనలేం. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్ళపాటు ఇచ్చిన సహాయంతో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. తిరిగివచ్చి పదేళ్ళు సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. 1917లో ఆ షరతు ప్రకారమే బరోడా చేరిన పండితునికి ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు దాచుకొని తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. రాజుగారి ఖజానా ప్రతిభను గుర్తించింది, ఊరు మాత్రం కులాన్నే గుర్తించింది. వ్యక్తికిచ్చే ఉపకారం సమాజాన్ని కదపలేదనటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. ప్రభువు దయకంటె, దివాను సిఫారసుకంటె పోటీ పరీక్ష మేలైనది. జవాబు పత్రంమీద నంబరుంటుంది గాని తండ్రి పేరుండదు. ప్రతిభ అనే సూత్రం పుట్టుకకు వ్యతిరేకంగా వచ్చినదే. మనలో కొందరు ప్రతిభ అన్న మాట వినగానే మండిపడటం చరిత్ర తెలియకపోవటంవల్లనే. అయితే ఆ సూత్రానికి గల పరిమితిని కూడా చాలా ముందుగానే గుర్తించిన మహానుభావుడున్నారు.

1882లో హంటర్ కమిషన్‌కు సమర్పించిన విజ్ఞాపనలో జ్యోతిరావు ఫూలే స్కాలర్‌షిప్పుల ప్రస్తావన తెచ్చారు. పోటీ పద్ధతి పైకి న్యాయంగానే కనిపిస్తుందనీ, కాని దానివల్ల చదువు ఇతర వర్గాలకు వ్యాపించదనీ, అందుచేత కొన్ని స్కాలర్‌షిప్పులను ఇంతవరకు విద్య సోకని వర్గాలకే కేటాయించాలనీ ఆయన వాదించారు. శ్రమజీవులు కట్టిన పన్నుల డబ్బు పైవర్గాల ఉన్నత విద్యకు ఖర్చవుతున్నదన్నది ఆయన మౌలికమైన ఆరోపణ. ఈ వాదంలోని లోతును మనం తగినంతగా గమనించలేదు. ఫూలే పోటీని అన్యాయమనలేదు. దాని న్యాయం అసంపూర్ణమన్నారు. పరుగు ఎక్కడ ముగిసిందో చూసే న్యాయం, ఎక్కడ మొదలైందో చూడదని ఆయన భావం.

ఆ వాదానికి ప్రభుత్వ పథకంగా రూపం రావటానికి అరవైరెండేళ్ళు పట్టింది. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యునిగా అంబేద్కర్ లిన్‌లిత్‌గోకు విజ్ఞాపన పత్రమిచ్చి షెడ్యూల్డు కులాల విద్యార్థులకు నిధులు కోరారు. 1944లో వారికి మెట్రిక్ తర్వాతి చదువులకు స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. దయ హక్కుగా మారిన మలుపు ఇదే. ఒక మహారాజు ఒక అంబేద్కర్‌ను పంపటం వేరు, అర్హత ఉన్న ప్రతి పిల్లవాడూ అడిగి తీసుకోగలగటం వేరు.

స్వాతంత్ర్యానంతరం రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి. 1963లో ఢిల్లీలో పది స్కాలర్‌షిప్పులతో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ మొదట విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే పరిమితమై, 1976 తర్వాతగాని సామాజిక శాస్త్రాలకు విస్తరించలేదు. 2021 తర్వాత అదీ ఆగింది. 2008లో వచ్చిన జాతీయ ప్రతిభా, ఆర్థికావసర స్కాలర్‌షిప్పు రెండు దారులనూ కలపజూసింది. ఏటా దేశం మొత్తానికి లక్ష మందికి, 2017 నుంచి ఏడాదికి 12,000 రూపాయల చొప్పున తొమ్మిది నుంచి పన్నెండు తరగతులదాకా ఇస్తున్నారు.

నేను ఏటా ఎనిమిదో తరగతి పిల్లలచేత ఈ పరీక్ష రాయిస్తాను. మిరపకోతల రోజుల్లో వారానికి మూడు రోజులు మాత్రమే బడికి రాగలిగే పిల్లా, తండ్రి ఆటో తోలి సాయంత్రం ట్యూషను పెట్టించగలిగిన పిల్లవాడూ ఒకే బల్లమీద కూర్చుంటారు. ఆదాయ పరిమితి ప్రకారం ఇద్దరూ పేదలే. కాని పేదరికానికీ మెట్లున్నాయి. పోటీ తరచుగా పై మెట్టుమీదివాణ్ణే ఎంచుకుంటుంది. ఒక మార్కు తగ్గిన పిల్లకు దక్కేది శూన్యం. ఎంపికైన ఒక అమ్మాయికి రెండు పత్రాలలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా వచ్చి ఏడాదిపాటు డబ్బు రాలేదు. ఆ అక్షరం రాసింది ఆమె కాదు. ప్రతిభను కొలిచేవారు తమ గుమాస్తాగిరీకి మార్కులు వేసుకోరు.

ఇంతకంటె సూక్ష్మమైన వడపోత మరొకటుంది. అది విషయాన్ని వడపోయటం. అణగారిన వర్గాల విద్యార్థులను విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపే జాతీయ పథకం నిబంధనలను 2022లో సవరించి, భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజాలకు సంబంధించిన పరిశోధనాంశాలను తొలగించారు. అలాంటి పరిశోధన ఇక్కడే చేసుకోవచ్చునన్నది సమర్థన. 1916 మేలో కొలంబియాలో మానవశాస్త్ర గోష్ఠిలో అంబేద్కర్ చదివిన పత్రం భారతదేశంలోని కులాల పుట్టుక గురించినది. ఒక ప్రభువు ధనంతో వెళ్ళినవాడు ఆ పత్రం రాయగలిగాడు. ప్రజాస్వామ్య ప్రభుత్వ ధనంతో వెళ్ళేవాడు ఆ అంశం ఎంచుకోలేడు. సాహిత్య విద్యార్థులు దీన్ని తమకు సంబంధించని వార్తగా భావించటం ప్రమాదకరం. డబ్బిచ్చేవాడు ఏది చదవాలో నిర్ణయించటమే ఉపకారపు అసలు స్వభావం.

కాబట్టి నేను చెప్పదలచింది ఇది. చదువు కొనసాగటానికి కావలసిన సహాయంలో పోటీకి తావుండకూడదు. అవసరమున్నవారందరికీ అది సకాలంలో చేరాలి. సంఖ్య పరిమితమైన విశిష్ట స్కాలర్‌షిప్పులకు పోటీ తప్పదు, అయితే ఎక్కడినుంచి బయల్దేరారో లెక్కవేసే కొలత కావాలి. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకొని అధికారి కావటం ఒక తరానికి ఆశ ఇచ్చింది. ఇప్పుడు మన రచయితలు రాయవలసింది నెగ్గిన ఒక్కడి కథ మాత్రమే కాదు. ఒక్క మార్కు తగ్గి, ఆ వేసవిలో చదువు ఆగిపోయిన పిల్ల కథ మన సాహిత్యంలోకి ఇంకా రావలసి ఉంది.