బిగించిన చోట అరుగుదల

1911లో ఇంగ్లండులో ఈడెన్, రోజ్, కనింగ్‌హామ్ అనే ముగ్గురు లోహాల ఓర్పును పరీక్షిస్తున్నారు. ఉక్కు నమూనాను యంత్రపు పట్టులో బిగించి, అది ఎన్ని లక్షల ఒత్తిళ్లకు విరుగుతుందో లెక్కించడం వారి పని. నమూనాను విప్పిచూస్తే, పట్టు బిగిసిన చోట గోధుమరంగు పొడి కనిపించింది. ఆ సంగతి నమోదు చేసి వారు ముందుకు సాగారు. అరుగుదల చరిత్రలో ఆ చిన్న ప్రస్తావనకు దక్కవలసినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. ఘర్షణ గురించి 1699లో అమోంటాన్, 1785లో కూలుంబ్ చెప్పిన సూత్రాలు జారే వస్తువులను చూసి చెప్పినవి. వాటితో పెరిగిన ఇంజనీర్లు యంత్రాన్ని మనసులో రెండు ముక్కలు చేసుకున్నారు. కదిలే భాగాలు అరుగుతాయి, వాటికి నూనె పెట్టాలి. బిగించిన భాగాలు కదలవు, వాటి అరుగుదల గురించి ఆలోచించనక్కర్లేదు. ఈ విభజనే తప్పని, బిగించిన చోట కూడా అదురు వల్ల అరుగుదల ఉంటుందని ఆ గోధుమరంగు పొడి చెబుతోంది. అది పూర్తిగా అర్థం కావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

మొదట వచ్చిన అభ్యంతరం సహజమైనదే. ఉక్కు మీద ఇలాంటి పొడి అంటే తుప్పు, తుప్పంటే తేమ చేసే పని, ఇందులో అదురుకు సంబంధమేమిటి? టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసిన టామ్లిన్సన్ 1927లో దీనికి జవాబిచ్చాడు. రెండు ఉక్కు తలాలను ఒకదానికొకటి ఆనించి, అతి స్వల్పంగా అటూఇటూ ఆడించే యంత్రాలు తయారు చేసుకున్నాడు. తలాలు పక్కకు జరిగితేనే పొడి రాలింది. జరగకుండా ఒత్తిడి ఒక్కటే పెరుగుతూ తగ్గుతూ ఉన్నప్పుడు రాలలేదు. ఆ జరుగుడు కూడా ఎంతో కాదు, అంగుళాన్ని పది లక్షల వంతులు చేస్తే అందులో కొన్ని వంతులు చాలు. కంటికి కనిపించదు, చేతికి తెలియదు. అంటే తుప్పు కారణం కాదు, అదురుతో ఊడివచ్చిన లోహానికి గాలి తగిలి మారిన రూపం. తర్వాత 1950ల నాటికి అమెరికాలో గాడ్‌ఫ్రే తదితరులు గాజు పలక మీద ఉక్కు బంతిని అదిరిస్తూ, గాజులోంచి సూక్ష్మదర్శినితో చూస్తూ ఈ ప్రశ్నను ఇంకా లోతుకు తీసుకెళ్లారు. తుప్పు పట్టే గుణమే లేని గాజు, ప్లాటినం కూడా ఇలా దెబ్బతింటాయని తేలింది. అయితే గాలి పాత్ర ఏమీ లేదనలేం. నైట్రోజన్‌లో ఉంచితే ఉక్కుకు జరిగే నష్టం బాగా తగ్గుతుంది.

ఈ విషయం ప్రయోగశాల దాటి బయటపడింది మోటారు కార్ల వల్ల. 1930లలో అమెరికాలో కొత్త కార్లను రైలు వ్యాగన్లలో దూరప్రాంతాలకు పంపేవారు. చక్రం ఒక్క చుట్టూ తిరగకుండా గమ్యం చేరిన కార్లలో బేరింగులు పాడై ఉండేవి. బంతుల వరుసకు సరిగ్గా సరిపోయే గుంటలు వాటి దారిలో పడేవి. పట్టాల అతుకుల దగ్గర తగిలే దెబ్బలకు బంతులు లోపలికి దిగబడ్డాయనుకోవడం అప్పటి తర్కం. జనరల్ మోటార్స్‌లో పరిశోధకుడైన జాన్ ఆల్మెన్ 1937లో వేరే మాట చెప్పాడు. దెబ్బకు పడిన గుంటలో లోహం పక్కకు నెట్టుకుపోతుంది, సానపట్టిన గీతలు అడుగున మిగిలి ఉంటాయి. వీటిలో లోహం నెట్టుకుపోలేదు, అరిగిపోయింది. బేరింగు తిరుగుతూ ఉంటే గ్రీజు మళ్లీ మళ్లీ వచ్చి చేరుతుంది. ఒకేచోట అదురుతూ ఉంటే బంతి కింద గ్రీజు పక్కకు తప్పుకుని తిరిగి రాదు. తిరగకపోవడమే ఆ బేరింగులకు చేటయింది.

ఇంకో అభ్యంతరం లెక్కలది. 1953లో ఆర్చర్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం అరుగుదల భారాన్ని, జారిన దూరాన్ని బట్టి ఉంటుంది. 25 మైక్రాన్లు అటు, 25 ఇటు జరుగుతూ సెకనుకు 50 సార్లు ఆడినా గంటకు మొత్తం ప్రయాణం 9 మీటర్లే. అంత కొద్ది దూరానికి ఇంత గొడవ ఎందుకు? ఎందుకంటే ఆ 9 మీటర్లూ ఒకేచోట జరుగుతాయి. మామూలుగా జారే తలాల మధ్య ఊడిన పొడి బయటికి పోతుంది, ఇక్కడ పోవడానికి దారి లేదు. ఇనుము ఆక్సైడుగా మారితే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, బిగువైన సందులో అది ఇంకా ఒత్తిడి పెంచుతుంది. నగలను అరగదీసి మెరుగుపెట్టే ఎర్రపొడి కూడా ఈ ఆక్సైడే. మీటర్ల లెక్క చూసి నిశ్చింతగా ఉండడం ఈ కారణంగానే ప్రమాదం.

అదురు మేలు కూడా చేస్తుంది కదా అనేవారి మాటలో నిజముంది. 1959లో ఫ్రిడ్మన్, లెవెస్క్ ధ్వని కంపనాలతో ఉక్కు తలాల స్థితిఘర్షణను దాదాపు సున్నాకు దించి చూపారు. పరిశ్రమలో అల్ట్రాసానిక్ కంపనాలతో తీగ లాగడం అలాంటి ఉపయోగమే. కానీ ఘర్షణ తగ్గితే అరుగుదలా తగ్గుతుందన్న నమ్మకం ఇక్కడ నిలవదు. బోల్టు పట్టు నిలిచేదే ఘర్షణ మీద. 1969లో యుంకర్ చూపినదేమంటే, అడ్డంగా వచ్చే అదురుకు బోల్టు కలిపిన భాగాలు ఒకసారి పక్కకు జారితే, మర చుట్టూ తిరగకుండా ఆపే ఘర్షణ కూడా పోతుంది. తన బిగువుతో తానే బోల్టు వదులవుతుంది. వదులైన చోట జరుగుడు పెరుగుతుంది, జరుగుడుతో అరుగుదల వస్తుంది. రైలు ఇరుసు మీద చక్రం బిగించిన చోట మొదలయ్యే పగుళ్లు ఇంకా భయంకరమైనవి. అక్కడ రాలిన పొడి కొంచెమే, కానీ ఆ సూక్ష్మమైన గరుకులోంచి బీట పుట్టి ఇరుసే విరిగిపోవచ్చు.

ఇదంతా తెలిసిన కాలంలోనూ, 2012 జనవరి 31న కాలిఫోర్నియాలోని శాన్ ఒనోఫ్రే అణువిద్యుత్ కేంద్రంలో, కొత్తగా అమర్చిన ఆవిరి జనరేటరు గొట్టం ఒకటి లీకయింది. ఆవిరి ప్రవాహానికి గొట్టాలు అదిరి, ఒకదానికొకటి రాసుకుని గోడలు పలచబడ్డాయి. డిజైన్ లెక్కల్లో ఆవిరి వేగాన్ని తక్కువగా అంచనా వేశారని విచారణలో తేలింది. 2013 జూన్‌లో ఆ కేంద్రాన్ని శాశ్వతంగా మూసివేస్తున్నట్లు ప్రకటించారు.