స్కా: పద్నాలుగు మాసాల చరిత్ర

1997లో అమెరికాకు చెందిన హార్ట్‌బీట్ సంస్థ ‘ఫౌండేషన్ స్కా’ అనే పేరుతో రెండు సీడీల సంకలనాన్ని వెలువరించింది. జమైకా వాద్యబృందం స్కటలైట్స్ కింగ్‌స్టన్ నగరంలోని స్టూడియో వన్‌లో చేసిన ధ్వనిముద్రణలవి. జమైకా అనగానే బాబ్ మార్లే ఒక్కడే స్ఫురించే మనబోటివారు తప్పక వినదగిన సంకలనమిది. రెగేకు తండ్రి రాక్‌స్టెడీ అయితే, తాత స్కా. 1964లో మార్లే బృందానికి తొలి విజయాన్నిచ్చిన ‘సిమ్మర్ డౌన్’ పాటలో వెనుక వాయించినది ఈ స్కటలైట్లే.

అసలు కథ అంతకు పదేళ్ళ ముందే మొదలైంది. 1950లలో కింగ్‌స్టన్ పేదపేటల వినోదమంతా ‘సౌండ్ సిస్టమ్’లదే. బీరువాలంతటి స్పీకర్లను ఆరుబయట నిలిపి, అమెరికా నుండి తెచ్చిన నల్లవారి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు మోగించేవారు. కోక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ వంటి యజమానుల మధ్య పోటీ ఎంత తీవ్రమంటే, పాట ఎవరిదో ప్రత్యర్థికి తెలియకుండా రికార్డుపైనున్న లేబుల్‌ను గీకివేసేవారు! దశాబ్దం ముగిసేసరికి అమెరికాలో అభిరుచి రాక్ అండ్ రోల్ వైపు మళ్ళి, వీరికి కావలసిన సరుకు కరవైంది. ఇక స్వయంగా పాటలు చేయించుకొనక తప్పలేదు. 1962 ఆగస్టు 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ ప్రయత్నం నుండి స్కా రూపుదిద్దుకొంది.

స్కా గుట్టు తాళంలో ఉన్నది. మన పద్ధతిలో చెప్పాలంటే, చేయి తొడపై పడినచోట కాక, పైకి లేచినచోట గిటారు, పియానో ‘చక్’మని పలుకుతాయి. ఆ ఎగుడునడక మీద ఇత్తడి వాద్యాలు జాజ్ బాణీలో విహరిస్తాయి.

ఆ జాజ్ ఎక్కడిది? కింగ్‌స్టన్‌లో 1880లో మొదలై, కథలిక్ సన్యాసినుల నిర్వహణలో నడిచిన ఆల్ఫా బాలుర పాఠశాలది. దిక్కులేని పిల్లలకూ, దారితప్పిన పిల్లలకూ అక్కడ చేతిపనులతోపాటు బ్యాండు నేర్పేవారు. సిస్టర్ ఇగ్నేషియస్ అనే సన్యాసిని పిల్లలకు తన రికార్డులు వినిపించేదట. టామీ మెకుక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్, ట్రోంబోన్ విద్వాంసుడు డాన్ డ్రమండ్ అందరూ ఆ బడి పిల్లలే. ఒక జాతి సంగీతానికి పునాది ఒక అనాథాశ్రమ బ్యాండులో పడడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇంతటి విద్వాంసులకు దక్కినదేమిటి? పాటకింత అని రొక్కం. రికార్డు ఎన్ని దేశాలలో అమ్ముడైనా ఆపైన దక్కేది బహుస్వల్పం. 1964లో ఏర్పడిన బృందం 1965లోనే, పద్నాలుగు మాసాలకే విడిపోయింది. 1967లో వారి ‘గన్స్ ఆఫ్ నవరోన్’ బ్రిటన్ జాబితాలకెక్కే నాటికి బృందమే లేదు.

బృందం విచ్ఛిన్నం కావడానికి ముందే ఒక ఘోరం జరిగింది. 1965 సంవత్సరారంభంలో డ్రమండ్ తన సహచరి అనీటా మహఫూద్‌ను కత్తితో పొడిచి చంపాడు. మతిస్థిమితం లేదని నిర్ణయించి ఆయనను బెల్‌వ్యూ మానసిక చికిత్సాలయానికి పంపారు. 1969 మే 6న అక్కడే మరణించాడు. ఆయన వాద్యంలోని విషాదం అపూర్వమైనది, నిజమే. కాని ఆ విషాదానికి ముగ్ధులై రాసేవారు చాలామంది ఈ హత్యను మేధావి జీవితంలో ఒక దురదృష్ట ఘట్టంగా చెప్పి దాటిపోతారు. అది అన్యాయం.

ఆమె మార్గరీటా అనే పేరుతో కింగ్‌స్టన్ రంగస్థలాలపై ప్రఖ్యాతి గడించిన నర్తకి. నాటి మర్యాదస్తులు ఈసడించుకొన్న రాస్తఫారీ డప్పుకళాకారులు, కౌంట్ ఒసీ బృందం, తోడుంటేనే ఆడతానని పట్టుబట్టి వారిని వేదిక ఎక్కించిందని చెబుతారు. 1964లో ‘ఉమన్ ఏ కమ్’ అనే పాటను స్వయంగా పాడింది కూడా. ఈ సంకలనంలో అధికభాగం వాద్యసంగీతమే. ఆమె గొంతు వినదలచినవారు ఆ పాటను విడిగా వెతుక్కోవలసిందే.