చెఱువు వెంట వచ్చిన పక్షులు

2016లో మహబూబాబాదు జిల్లాతోబాటు మండలకేంద్రమైన పెద్దవంగర చుట్టుపట్ల, ముసురు పట్టిన వేకువను పక్షులను చూడబోవువాడు చెఱువుగట్టు మీదనే నిలువవలసియుండును. ఏలయన ఓరుగల్లు సీమలో నీటిపక్షుల చరిత్ర చెఱువుల చరిత్రకంటె వేఱు కాదు.

జీవనదుల యండ చాలని ఈ రాతినేలపై, 13వ శతాబ్దిలో గణపతిదేవుని కాలమున పాఖాల చెఱువు వెలసెను. ఆయన సోదరి మైలాంబ బయ్యారమున చెఱువు త్రవ్వించెను. ఊరూర వెలసిన చిన్న చెఱువులు, ఒకదాని మత్తడి దుమికిన నీరు మఱియొకదానిని నింపునట్లు, గొలుసుగా కూర్పబడెను. లోతులేని శిఖపు నీరు, తుంగ, వరిమడి ఒక్కచోట దొరకుటచేతనే కొంగలును, నీటికోళ్లును, బుడుబుడుంగలును ఇచ్చట నిలువ నేర్చినవని నా నమ్మకము. రాజులు రైతుకొఱకు నీరు నిలిపిరి. పక్షులు అడుగకయే వాటా పొందినవి.

పల్లెవారికి పక్షిదర్శనము క్రొత్తది కాదు. విజయదశమినాడు జమ్మికి మ్రొక్కి పాలపిట్టను చూచుటకై చేలవెంట నడచు ఆచారము నేటికిని నిలిచియున్నది. 2014లో తెలంగాణము దానినే రాష్ట్రపక్షిగా గ్రహించెను. నెల్లూరున వైద్యుడుగా నుండిన జెర్డన్, 1862–64 నడుమ వెలువరించిన తన గ్రంథమున పక్షుల తెలుగు పేళ్లను గూడ చేర్చెను. ఆ పేళ్లు వేటగాండ్ర నోట, రైతుల నోట గాక మఱెక్కడ దొరకును? పిదప నైజాం ప్రభుత్వ సహాయముతో సాలిం అలీ 1931లో హైదరాబాదు రాష్ట్రపు పక్షిసర్వే చేపట్టి, 1933, 34లలో దానిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించెను.

ఆ సర్వేకు ముందటి యేడే ఆయన కొంకణతీరమున కిహీం గ్రామములో గిజిగాని కాపురమును పరిశీలించియుండెను. మన గట్టుమీది ఈతచెట్టు క్రింద నిలిచినను అదియే కానవచ్చును: మగపక్షి వరియాకు అంచును ముక్కుతో గాటుపెట్టి, దానిని కఱచిపట్టుకొని యెగిరి, మూరెడు పీలికను చీల్చుకొనిపోవును, సగమల్లిన గూటిలోపల తడిమట్టి మెత్తును, ఆడుది వచ్చి, లోపల దూరి, పట్టి లాగి చూచి, ఒప్పుకొన్న పిమ్మటనే గొట్టమును ముగించి, మఱియొక గూటికి, మఱియొక జతకు పూనుకొనును. వాన వెనుకబడిన యేట వరియాకు ఆలస్యమగును. అల్లికయు నటులే ఆలస్యమగును.