హైదరాబాదు బిడ్డ షబానా ఆజ్మీ: సమాంతర సినిమాలో ఒక నటి కృషి

సినిమా తారల జీవితం సంఘం సావనీరులో వ్రాయదగినదేనా అని పెద్దలు కొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఆడపిల్ల నాటకాల్లోకో, సినిమాల్లోకో వెళతానంటే మన ఇళ్ళల్లో ఏమవుతుందో అందరికీ తెలిసిన సంగతే గదా! కాని నటన అనేది డబ్బుకూ, పేరుకూ మాత్రమే గాక, నోరులేని వాళ్ళ బాధ లోకానికి చెప్పడానికి కూడా పనికివస్తుందని చూపించిన వారు కొందరున్నారు. అటువంటి వారిలో మన తెలుగుదేశంలో పుట్టిన షబానా ఆజ్మీ గారు ముందు వరుసలో ఉంటారు.

ఆమె 1950 సెప్టెంబరు 18న హైదరాబాదులో పుట్టారు. తండ్రి ప్రఖ్యాత ఉర్దూ కవి కైఫీ ఆజ్మీ. ఆయనది ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా మిజ్వాఁ గ్రామం. తల్లి షౌకత్ గారిది హైదరాబాదు. 1947లో హైదరాబాదులో జరిగిన ఒక ముషాయిరాలో కైఫీ సాహెబు కవిత చదువుతుండగా షౌకత్ గారు విన్నారు. ఆ సంవత్సరమే మే నెలలో బొంబాయిలో వారి నికాహ్ జరిగింది. కూతురు మనసు తెలుసుకొని, తానే వెంటబెట్టుకొని బొంబాయి తీసుకుపోయిన తండ్రి ఆమెకు ఉండటం విశేషం. ఆ రోజుల్లో అలాంటి తండ్రులు ఎందరుంటారు చెప్పండి!

బొంబాయిలో వారి కాపురం కమ్యూనిస్టు పార్టీ వారి 'రెడ్ ఫ్లాగ్ హాల్'లో. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. స్నానాల గది అందరికీ ఉమ్మడి. కవిగారి సంపాదనతో ఇల్లు గడవదు. అందుచేత షౌకత్ గారు పృథ్వీ థియేటర్లో, ప్రజా నాట్యమండలి నాటకాల్లో వేషాలు వేసి సంసారాన్ని ఆదుకున్నారు. చంటిపిల్ల షబానాను వెంటబెట్టుకొనే రిహార్సల్సుకు వెళ్ళేవారు. ఆ పిల్లకు నటన అంటే తళుకుబెళుకుల వ్యవహారం కాదు, అమ్మ చేసే ఉద్యోగం. ఈ సంగతి మరువకూడదు. తరువాత 'గరమ్ హవా' చిత్రానికి కైఫీ సాహెబు మాటలు వ్రాస్తే, షౌకత్ గారు అందులో బల్‌రాజ్ సహానీకి భార్యగా నటించారు. దేశ విభజన తరువాత ఇక్కడే ఉండిపోదలచిన ఒక ముస్లిం కుటుంబం కథ అది.

షబానా బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదివి, పూనా ఫిలిం ఇన్‌స్టిట్యూటులో నటన నేర్చుకొని 1972లో బయటికి వచ్చారు. అప్పుడే మన సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ తన మొదటి కథాచిత్రం తీయబోతున్నారు. వ్యాపార ప్రకటనల చిత్రాలు తీస్తూ, ఈ కథకు పెట్టుబడి దొరక్క ఏళ్ళ తరబడి వేచి ఉన్న మనిషి ఆయన. చివరికి ప్రకటనల వ్యాపారంలోని బ్లేజ్ సంస్థ వారే డబ్బు పెట్టారు. ఆ చిత్రమే 1974లో వచ్చిన 'అంకుర్'.

కథ తెలంగాణా పల్లెలోది. లక్ష్మి అనే పేద దళిత స్త్రీ, మూగ చెవిటి అయిన ఆమె భర్త కిష్టయ్య, పట్నం నుంచి వచ్చిన జమీందారు కొడుకు సూర్య - వీరి ముగ్గురి మధ్య నడుస్తుంది. సూర్య ఆమెను లోబరచుకొంటాడు. కడుపు వచ్చాక ముఖం చాటేస్తాడు. భయంతో కిష్టయ్యను కొరడాతో కొడతాడు. అప్పుడు లక్ష్మి తిరగబడి అతన్ని దుమ్మెత్తిపోస్తుంది. చివర ఒక చిన్న కుర్రవాడు ఆ ఇంటి అద్దం మీద రాయి విసురుతాడు. అదే 'అంకురం', అంటే మొలక.

బొంబాయిలో పెరిగి ఇంగ్లీషు చదువు చదివిన ముస్లిం అమ్మాయి ఆ పల్లె స్త్రీగా మారిపోయింది. గొంతుక్కూర్చుని పని చేయడం, కొంగు దోపుకోవడం, మన హైదరాబాదు దక్కనీ మాట - ఏదీ అరువు తెచ్చుకున్నట్లు ఉండదు. మొదటి చిత్రానికే జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. కిష్టయ్యగా వేసిన సాధు మెహర్‌కు ఉత్తమ నటుడు బహుమతి. దక్కనీని హాస్యగాళ్ళ భాషగా చూసే సినిమాల్లో, అదే భాషలో ఏడుపూ, కోపమూ పలికించడం చిన్న విషయం కాదు.

తరువాత బెనెగల్‌గారి చిత్రాల ద్వారా ఆమె మళ్ళీ మళ్ళీ మన గడ్డమీదికి వచ్చారు. 'నిశాంత్' (1975) తెలంగాణా దొరల దౌర్జన్యం కథ. 'మండీ' (1983) హైదరాబాదు వాతావరణంలోది. 'సుస్మన్' (1986) పోచంపల్లి చేనేత కుటుంబం గోడు. అందులో ఓంపురి మగ్గం నేస్తే ఈమె గౌరమ్మ.

ఇంకొక ముచ్చట. 'అర్థ్', 'ఖండహర్', 'పార్' చిత్రాలకు వరుసగా మూడేళ్ళు ఆమెకు జాతీయ బహుమతులు వచ్చాయి. వీటిలో 'ఖండహర్' తీసిన మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. 'పార్' తీసిన గౌతమ్ ఘోష్ మొదటి కథాచిత్రం మన 'మా భూమి' (1979). బెంగాలీలైన ఈ ఇద్దరూ తెలుగు పల్లెల్లో తిరిగి వెళ్ళినవారే! ఐదవ బహుమతి 1999లో 'గాడ్‌మదర్'కు వచ్చింది.

ఇటువంటి చిత్రాలకు డబ్బు తక్కువ, హాళ్ళు తక్కువ. బొంబాయి, కలకత్తా ఫిలిం సొసైటీలు చూసినంతగా చిన్న ఊళ్ళవారు చూడలేదు. ఆమెను చాలామంది 'అమర్ అక్బర్ ఆంథోనీ' (1977) వంటి వ్యాపార చిత్రాల్లోనే ఎరుగుదురు. ఆమె వాటినీ చేశారు, తప్పు లేదు. కాని వాటి సంపాదనకు ఆశపడి చిన్న చిత్రాలను మాత్రం వదలలేదు.

తెరమీద పేదరాలి వేషం వేసి, తెర దిగాక మరచిపోయే స్వభావం కాదామెది. 1986లో బొంబాయి గుడిసెవాసుల కోసం నిరాహారదీక్ష చేశారు. 1989లో మత కలహాలకు వ్యతిరేకంగా ఢిల్లీ నుంచి మీరట్‌కు నడిచిన వారిలో ఆమె ఉన్నారు. 1997 నుంచి 2003 వరకు రాజ్యసభ సభ్యురాలు. 1988లో పద్మశ్రీ, 2012లో పద్మభూషణ్ అందుకున్నారు. కైఫీ సాహెబు తన పల్లె కోసం ప్రారంభించిన మిజ్వాఁ సంక్షేమ సంఘాన్ని 2002లో ఆయన పోయాక కూతురు భుజాన వేసుకున్నారు. ఆడపిల్లలకు చదువు, కుట్టుపని, చికన్ ఎంబ్రాయిడరీ - ఇవీ అక్కడి పనులు. మన సంఘం వంటి సంఘాలకు ఇది దగ్గరి పాఠం.

మన అనకాపల్లి చుట్టుపట్ల చెరకు తోటల్లో, బెల్లం పాకాల దగ్గర పనిచేసే లక్ష్మిలు ఎందరో! పక్కనే ఉన్నా వాళ్ళ ముఖాలు మనం సరిగా చూడం. ఒక నటి చూసింది, చూపించింది. ఆమెకు ఆ చూపు ఇచ్చింది చదువూ, ఇంట్లో పెద్దల ప్రోత్సాహమూ. మన పిల్లలందరూ నటులు కానక్కరలేదు. కాని ఏదన్నా కళ మీద, విద్య మీద మనసు పడిన ఆడపిల్ల వచ్చి అడిగినప్పుడు, "వద్దు" అనే ముందు షౌకత్ గారి తండ్రిని ఒక్కసారి తలుచుకోండి. ఆయన ఆనాడు కాదని ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన పనే ఉండేది కాదు.