పాలసీకీ పడకకూ నడుమ సముద్రం

1986లో ప్రభుత్వ రంగ బీమా సంస్థలు మెడిక్లెయిం తెచ్చినప్పుడు ఆస్పత్రి బిల్లు చెల్లిస్తామన్నాయి. ఆస్పత్రి చేరువలోనే ఉంటుందన్నది అందులోని ఊహ. అండమాన్‌లో ఆ ఊహ నిలువలేదు. పోర్ట్‌ బ్లెయిర్‌లోని జి.బి. పంత్‌ ఆస్పత్రికి మించిన చికిత్స కావాలంటే చెన్నైకో, కోల్‌కతాకో పోవాలి. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం.

2007 ఏప్రిల్‌ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తెల్లకార్డుతో ఊళ్లో ఉన్న అన్నకు గుండె ఆపరేషన్‌ ఉచితమైంది. చేపల వేటకై దీవులకు వలసపోయి, అక్కడే కార్డు తీసుకున్న తమ్ముడికి ఆ భాగ్యం లేదు. దీవుల పాలనా యంత్రాంగం తరువాత ‘అనిషి’ పథకం తెచ్చి, పరిమిత ఆదాయం గలవారికి ప్రధాన భూభాగంలో చికిత్సకు దారి వేసింది. 2018లో ఆయుష్మాన్‌ భారత్‌ వచ్చింది: కుటుంబానికి ఏటా 5 లక్షలు.

మరి ప్రభుత్వోద్యోగీ కాక, పేదల జాబితాకూ ఎక్కని చిన్న దుకాణదారు? అతనికి మిగిలింది సొంత పాలసీయే. దానిపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న గానీ తొలగలేదు. పన్ను పోయినా, ఓడ టికెట్టూ తోడు వచ్చిన మనిషి బసా సాధారణంగా ఆ పాలసీ లెక్కలోకి రావు.