గడ్డ

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కినప్పుడల్లా ఆ ఊరి పేరు చివరి గడ్డ నా కాలికి తగులుతుంది. ఇది ఏ గడ్డ?

సీమలో గడ్డలకు కొదవ లేదు. కూరలోకి ఎర్రగడ్డ, తాళింపులోకి తెల్లగడ్డ, పూరీలోకి ఉర్లగడ్డ. (హైదరాబాదులో ఎర్రగడ్డ ఎక్కడని అడిగితే మానసిక వైద్యశాల దారి చూపిస్తారు, జాగ్రత్త.) నాగలి కింద లేచేది మట్టిగడ్డ. వరదకు అందని మెరకా గడ్డే, పుట్టిన నేలా గడ్డే. శ్రీకాకుళం వైపు వెళ్తే గెడ్డ అంటే ఏకంగా వాగు. ఒడ్డు కాస్తా నీళ్లలో పడిందన్నమాట!

కన్నడిగుల గడ్డె, తమిళుల కట్టి దీనికి చుట్టాలు. ముద్దకట్టడమే వీటి ఇంటి లక్షణం.

ఆ ముద్ద ఒంట్లో కడితేనే భయం. గ్రీకుల ‘ఆంకోస్’ కూడా ముద్దే, కాబట్టి ఆంకాలజీ అచ్చంగా గడ్డల శాస్త్రం. తమాషా ఏమిటంటే, మందుకు మొదట్లో తలవంచిన క్యాన్సర్లలో ఒకదానికి గడ్డే లేదు. అది పిల్లల రక్త క్యాన్సర్.

ఆ మందు కథ ఆకుతో మొదలైంది. లాటిన్‌లో ‘ఫోలియం’ అంటే ఆకు. 1941లో టెక్సాస్‌లో కొందరు, ఒక బ్యాక్టీరియా పెరగడానికి ఏం కావాలో తేల్చుకుందామని టన్నులకొద్దీ పాలకూర పిండి, వచ్చిన చిటికెడుకు ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు, ఒంట్లో ఆ ఆమ్లం కొరవడే స్ప్రూ వ్యాధి బాధ సొంత ఒంటికే తెలుసు. ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాల ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, దాని అణువును కాస్త మార్చి అమినోప్టెరిన్ అనే మందు చేసింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకిస్తే 10 మందికి కొన్నాళ్లపాటు జబ్బు నెమ్మదించిందని 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

పాలకూర పిండేవాళ్లను “ఇది ఏ గడ్డను కరిగిస్తుంది?” అని నిలదీసి ఉంటే, పద్దు అక్కడే కొట్టేసేవాళ్లు. అలా అడిగే గుమాస్తా మీద నాకు కోపం లేదు. పాపం, ఆయనకు గవేషణ అన్న మాట విప్పి చెప్పినవాళ్లు లేరు.

గో, ఏషణ: ఆవును వెతకడం. నవనందుల సీమకు ఇంతకన్నా సొంతమైన మాట ఉంటుందా! మహానంది స్థలపురాణంలోనూ పాలు తగ్గిన ఆవు వెనకే నల్లమలలోకి పోతారు. పోయింది పాల లెక్క తేల్చడానికి, కనబడింది పుట్టలో లింగం.

పుట్ట అంటే, అదీ ఒక మట్టిగడ్డే.