చిన్న పిస్తోలు - పెద్ద పిస్తోలు

1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలలో అమెరికా అధ్యక్షుడు లింకనును బలిగొన్న పిస్తోలు పొడవు ఆరంగుళములకు మించదు. హెన్రీ డెరింజరు పేర వెలసిన ఆ ఒంటి తూటా పిస్తోలు జేబులో ఇమిడిపోవును. అది దూరమునకు గురిచూచుటకు పుట్టినది కాదు; దాచుకొనివచ్చి దగ్గరనుండి పేల్చుటకు పుట్టినది. పిస్తోలు ఎంతటిదిగా నుండవలెనను ప్రశ్నకు అదియొక సమాధానము. గురిపోటీని వినోదముగా నెంచినవారి సమాధానము వేరు.

1896లో ఏథెన్సునందు జరిగిన ఒలింపిక్సులోనే పిస్తోలు పోటీలకు స్థానము లభించినది. అమెరికా సోదరులు జాన్ పెయిన్, సమ్నర్ పెయిన్ చెరియొక పోటీలో గెలిచిరి. క్రీడాకారునికి దాపరికముతో పనిలేదు, నిలుకడతోనే పని. గొట్టము కొననున్న మొనను, వెనుకనున్న గాడిని ఒక్క వరుసకు తెచ్చుటయే గురి. ఆ రెంటి నడుమ దూరము 10 సెంటీమీటర్లైనచో, మొన 1 మిల్లీమీటరు ప్రక్కకు జరిగినను 25 మీటర్ల దూరమున తూటా 25 సెంటీమీటర్లు తప్పును. ఆ నడిమి దూరము 20 సెంటీమీటర్లైనచో తప్పు సగమగును. పైగా బరువైన పిస్తోలు పేలినపుడు చేతిలో తక్కువగా ఎగురును. పెద్ద పిస్తోలును ఎన్నుకొనుటకు కారణమిదియే.

అయినను పెద్దతనమునకొక మేర కలదు. 25 మీటర్ల పోటీ పిస్తోలు 30 సెంటీమీటర్ల పొడవు, 15 ఎత్తు, 5 వెడల్పు గల పెట్టెలో పట్టవలెను. బరువు 1,400 గ్రాములు దాటరాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు మన హైదరాబాదు యువతి ఈషా సింగ్ రజతపతకము నందినది ఈ కట్టడికి లోబడిన పిస్తోలుతోనే. ఆ బరువును ఒక్క చేయియే మోయవలెను. హంగరీ సైనికుడు కారోలీ తకాచ్ కుడిచేయి 1938లో చేతిబాంబు పేలి తీవ్రముగా దెబ్బతిన్నది. అతడు ఎడమచేతిని రహస్యముగా తీర్చిదిద్దుకొని, 1948 లండనులోను, 1952 హెల్సింకీలోను స్వర్ణపతకములు సాధించెను.

అయితే కొలతలు క్రీడాస్థలముతోనే ఆగలేదు. 1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో ఒక దుండగుడు లైసెన్సుగల పిస్తోళ్ళతో 16 మంది పసివారిని, ఒక ఉపాధ్యాయినిని చంపెను. 1997 చట్టములు గొట్టము 30 సెంటీమీటర్లకు, మొత్తము పొడవు 60 సెంటీమీటర్లకు తక్కువైన పిస్తోళ్ళను ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులలో నిషేధించినవి. జేబు పిస్తోలుతోపాటు 30 సెంటీమీటర్ల పెట్టెలో పట్టు పోటీ పిస్తోలును ఆ నిషేధమునకు చిక్కినది. అక్కడి క్రీడాకారులు అభ్యాసమునకై పరదేశములకు పోవలసివచ్చినది. 2012 లండను ఒలింపిక్సుకు ప్రత్యేకానుమతి కావలసివచ్చినది.

గురిచూచువాడు పిస్తోలును చేతికి, లక్ష్యమునకు తగినట్లు కొలుచుకొనును. బిడ్డలను పోగొట్టుకొన్న ఊరు కొలిచిన కొలత వేరు. ఆ దేశము ఆ రెండవ కొలతనే అంగీకరించినది.